భుజం మీది చెయ్యి

ఆ ఏడు చదువు సగం బంద్‌లకే పోయింది. పొద్దున్నే యూనిఫాం తొడుక్కుని, టిఫిన్ డబ్బా సర్దుకుని బయలుదేరితే నాచారం చౌరస్తాలో టైరు కాలుతూ కనిపించేది. ఇంకేముంది, వెనక్కి ఇంటికే. అలా వాయిదా మీద వాయిదా పడి, జనవరిలో తీయాల్సిన పదో తరగతి గ్రూప్ ఫోటో ఫిబ్రవరి చివరికి వచ్చింది. బంద్ లేని రోజున కూడా సొంతంగా బంద్ ప్రకటించుకునే మహానుభావుడు ఆ క్లాసులో ఒకడుండేవాడు. పేరు దయాకర్. ఆ ఫోటో వల్ల వాడు పడ్డ పాట్లే ఈ కథ.

ఒకనాడు ఉప్పల్ స్టేడియం గోడ పక్కన కూర్చుని పల్లీలు ఒలుచుకుంటూ, అటుగా స్కూటర్ మీద పోతున్న లెక్కల సారు కంట పడ్డాడు. ఆయన చెవి పట్టుకుని తెచ్చి హెడ్మాస్టర్ రామచంద్రరావు గారి ముందు నిలబెట్టాడు. రామచంద్రరావు గారు కొట్టే మనిషి కాదు. అంతకన్నా ఘోరమైన పని చేశారు. "వీణ్ణి మ్యాగజైన్ కమిటీలో వెయ్యండి" అన్నారు.

కమిటీ అని పేరేగాని, బడి పత్రిక పనంతా చేసేది కీర్తన ఒక్కతే. వాళ్ళ నాన్న కాకినాడ వైపు నుంచి వచ్చి నాచారం ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాడు. ఆ పిల్లకు ఎక్కడైనా తప్పు కనిపిస్తే అన్నం సహించదు. దయాకర్‌ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "నువ్వు కథలూ కవితలూ ముట్టుకోకు బాబూ, నీకో దణ్ణం. గ్రూప్ ఫోటో వచ్చాక దాని కింద పేర్లు రాయి, చాలు. ఎడమ నుంచి కుడికి. ఒక్క పేరు అటూ ఇటూ అయినా వాళ్ళ అమ్మలొచ్చి నా ప్రాణం తీస్తారు" అంది.

"గంతేనా?" అన్నాడు దయాకర్. అంతే అనుకున్నాడు పాపం.

చివరి బెంచీలో దయాకర్‌కి కుడిపక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉండేది. అది నరేందర్‌ది. ఇద్దరూ ఆరో తరగతి నుంచీ ఆ బెంచీనే పట్టుకుని వేలాడారు. పాఠం వింటున్నా, నిద్రపోతున్నా, సారు బయట నిలబెట్టినా సరే, నరేందర్ ఎడమచెయ్యి దయాకర్ భుజం మీద ఉండాల్సిందే. "తియ్ రా, బరువు" అని విసుక్కుంటే, "నీ భుజం నాకు కిరాయికిచ్చినవ్ గద, మల్లేంది?" అనేవాడు.

వానాకాలంలో నరేందర్‌కి జ్వరమొచ్చింది. డెంగీ అన్నారు. దవాఖానాలో చేర్చిన వారం తిరక్కుండానే పోయాడు. బడిలో మౌనం పాటించి ఒంటిపూట సెలవిచ్చారు. ఆ పూట మగపిల్లలంతా క్రికెట్ ఆడారు. దయాకర్ కూడా ఆడాడు. వాడికి ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదో వాడికే తెలియదు, ఆ రాకపోవడమే వాణ్ణి లోపల్లోపల తినేస్తూ వచ్చింది. బెంచీలో మాత్రం ఆ ఖాళీలోకి తను జరగలేదు, ఇంకొకర్ని జరగనివ్వలేదు.

నరేందర్‌కి ఫోటో అంటే మహా సిగ్గు. బస్ పాస్ కోసం దిగిన ఫోటోలో కళ్ళు మూతపడి వచ్చాయి. అది చూసి క్లాసంతా "పీనుగ లెక్కున్నవ్ రా" అని ఏడిపించింది. అందరికన్నా గట్టిగా నవ్వినవాడు దయాకరే. అప్పట్నుంచి ఎవరు కెమెరా ఎత్తినా నరేందర్ టక్కున కిందికి వంగి ముందువాళ్ళ వెనక దాక్కునేవాడు. ఇప్పుడు చిలకానగర్‌లో వాళ్ళ గది గోడకు దండ వేసుకుని ఉన్నది ఆ బస్ పాస్ ఫోటోయే. వాళ్ళమ్మ మల్లవ్వ పచ్చళ్ళ కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. రోజూ పొద్దున ఆ మూసిన కళ్ళకు దణ్ణం పెట్టుకుని పనికి పోతుంది.

జబ్బు పడక ముందు నరేందర్ ఒకసారి అన్నాడు. "పదో తరగతి ఫోటోల మాత్రం వంగరా. కండ్లు పెద్దగ తెరిచి నిలబడ్త. మా అమ్మ అడిగింది." ఆ మాట దయాకర్ చెవిలో అలాగే ఉండిపోయింది.

అందుకే పత్రిక పనిలో పడ్డాక, జీవితంలో మొదటిసారి పిలవకుండా హెడ్మాస్టర్ గదిలోకి వెళ్ళాడు. "సార్, గ్రూప్ ఫోటో కింద నరేందర్ పేరు గూడ ఏద్దాం సార్. ఒక్క పేరే సార్."

రామచంద్రరావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన రాతిగుండె మనిషేం కాదు. "నీ బాధ నాకు తెలుసురా. కానీ శుభమా అని పిల్లలు పరీక్షలకు పోతున్నారు. వాళ్ళ పుస్తకంలో పోయినవాడి పేరు వేస్తే తల్లిదండ్రులు ఊరుకుంటారా? ఇక ఆ మాట ఎత్తకు" అన్నారు. దయాకర్ తల దించుకుని బయటికి వచ్చేశాడు.

ఫోటో రోజున ఉప్పల్ బస్టాండు వెనకాల స్టూడియో నడిపే చిదంబరం కెమెరా పట్టుకుని వచ్చాడు. ముందు వరుసలో సార్లు, మేడమ్‌లు కుర్చీల్లో. వాళ్ళ వెనక ఆడపిల్లలు. ఆ వెనక మగపిల్లలు, ఆఖరున బెంచీల మీద ఎక్కి పొడుగువాళ్ళు. దయాకర్ ఆ ఆఖరి వరుసలో చిట్టచివర నిలబడ్డాడు. నిలబడటం వరకు బాగానే ఉంది, అలవాటు కొద్దీ కుడిపక్కన ఒక మనిషి చోటు వదిలేశాడు. ఆ ఖాళీకి అవతల ఉమామహేశ్వర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. క్లాస్ ఫస్ట్ వాడు, బెంచీ ఎక్కినా పుస్తకం మీద ఎక్కినట్టు భయం భయంగా ఉన్నాడు.

"ఓ తమ్మీ, ఆ కొసకున్నోడా! సందు గంత వదిలినవేంది? దగ్గరికి జరుగు!" అని అరిచాడు చిదంబరం.

దయాకర్ జరగలేదు. జరగాలనే అనుకున్నాడు. కాళ్ళు కదల్లేదు. భుజం మీద ఏదో బరువు పడ్డట్టయింది, ఎండలో నిలబడి ఉంటే ఎవరో చల్లటి తడిబట్ట వేసినట్టు. తల తిప్పి చూడ్డానికి ధైర్యం చాలలేదు. చిదంబరం ఇంకో రెండు కేకలు పెట్టి, విసుగొచ్చి, మీట నొక్కేశాడు.

మూడో నాడు ఫోటో కాపీ వచ్చింది. కీర్తన దాన్ని లైబ్రరీ బల్ల మీద పరిచి, "ఊఁ, మొదలెట్టు" అని తన అచ్చుకాగితాల్లో మునిగిపోయింది. దయాకర్ పెన్సిల్ పట్టుకుని ఒక్కో ముఖం మీదా వేలు పెట్టుకుంటూ పేర్లు రాసుకుపోయాడు. ఆఖరి వరుసకు వచ్చాడు. ఉమామహేశ్వర్ పేరు రాశాడు. ఆ పక్కన ఖాళీ ఉండాలి. లేదు. ఉమామహేశ్వర్‌కి ఆనుకునే తను ఉన్నాడు.

తన కుడి భుజం మీద చెయ్యి ఉంది.

వెనక నుంచి వచ్చి భుజాన్ని పట్టుకున్న నాలుగు వేళ్ళు. ఉమామహేశ్వర్‌ది అనుకుందామా అంటే, ఆ మహానుభావుడి రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకునే ఉన్నాయి. వెనకాల గోడ తప్ప మనిషి లేడు. దయాకర్ ఫోటోను కిటికీ వెలుతురుకు పట్టుకున్నాడు. మూడు వేళ్ళు తిన్నగా ఉన్నాయి. చిటికెన వేలు మాత్రం పక్కకు వంగి ఉంది.

నరేందర్ చిన్నప్పుడు గోడ మీంచి పడి ఎడమచేతి చిటికెన వేలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు సరిగ్గా పడక అది వంకరగానే అతుక్కుంది. ఆ వంకర వేలు నాలుగేళ్ళ పాటు తన మెడ పక్కన గుచ్చుకుంటూనే ఉంది. దయాకర్‌కి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? చేతిలోని ఫోటో జారి కింద పడింది.

"ఏమైంది? దయ్యాన్ని చూసినట్టు అలా అయిపోయావేంటి?" అంది కీర్తన. వంగి ఫోటో తీసి చూసింది. గబుక్కున దాన్ని బల్ల మీద బోర్లా పెట్టేసింది.

రహస్యం రహస్యంగా ఉంటే అది బడి ఎలా అవుతుంది? మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి ఊరంతా తెలిసిపోయింది. ఆడపిల్లలు ఆ ఫోటోను ముట్టుకోవడానికే ఒప్పుకోలేదు. ఎవరో చివరి బెంచీకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టిపోయారు. దయాకర్ నడుస్తుంటే పిల్లలు వాడి కుడిపక్కన దారి వదిలి తప్పుకున్నారు, అక్కడ ఇంకొకరు నడుస్తున్నట్టు. ఉమామహేశ్వర్ అయితే ఏకంగా జ్వరం తెచ్చుకున్నాడు. బడి ఊడ్చే రాజ్యమ్మ ఆ ఫోటోను దూరం నుంచే చూసి రెండు చెంపలూ వేసుకుంది. "పానం పోయినోడు ఊకనే రాడు బిడ్డా. వానికేందో కావాలె. గది ఇచ్చెదాక భుజం ఇడువడు" అంది దయాకర్‌తో.

వాడికేం కావాలో దయాకర్‌కి తెలుసు. తెలిసీ చేయలేకపోవడమే భయం. ఆ తర్వాత నాలుగు రోజులూ వాడు, వెనక ఎవరైనా చేరతారేమోనని, వెల్లకిలా తప్ప పడుకోలేదు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడ్డాడు. అన్నం తింటుంటే కుడి భుజం కిందికి లాగినట్టయ్యేది. అయినా విచిత్రం చూడండి, ఒకసారి బస్సులో ఆ బరువు కాసేపు లేకపోతే, ఎక్కడికి పోయిందా అని గాభరాపడి వెనక్కి తిరిగి చూశాడు.

విషయం హెడ్మాస్టర్ దాకా పోయింది. ఆయన ఫోటో చూసి, గొంతు గట్టి చేసుకుని, "ఇదంతా కంప్యూటర్ తప్పు. దయ్యమూ లేదు, భూతమూ లేదు. ఆ చెయ్యి తీయించుకుని రండి. చెయ్యి పోతేనే పుస్తకం అచ్చుకు పోతుంది" అన్నారు.

ఆ సాయంత్రం కీర్తన, దయాకర్ ఉప్పల్ బస్సెక్కారు. జ్వరం తగ్గిన ఉమామహేశ్వర్ కూడా వెంట వచ్చాడు. ఆ చెయ్యి పోవడం కళ్ళారా చూస్తే తప్ప తనకు చదువు ఎక్కదట.

చిదంబరం స్టూడియోలో ఒకే ఒక్క కంప్యూటర్ ఉంది. దాని మీద ఓ పెళ్ళికొడుకు ముఖానికి తెల్లరంగు పూస్తున్నాడు. వీళ్ళు చెప్పింది విని గట్టిగా నవ్వాడు. "గిదేనా? గది నేనే పెట్టిన కదమ్మా! ఈ తమ్మి సందు వదిలి నిలబడె. గ్రూప్ ఫోటోల సందుంటే పండ్ల నడుమ పన్ను ఊడినట్టుంటది. అందుకే ఇద్దర్నీ దగ్గరికి జరిపి కలిపిన. కలిపినకాడ భుజం మీద అతుకు కనవడ్డది. ఆ అతుకు మీద ఓ చెయ్యి తెచ్చి పెట్టిన. గంతే!"

కీర్తన ఊపిరి వదిలింది. ఉమామహేశ్వర్ గోడకున్న దేవుడి పటానికి దణ్ణం పెట్టుకున్నాడు. దయాకర్ మాత్రం కదల్లేదు. "అన్నా, ఆ చెయ్యి యాడికెల్లి తెచ్చినవ్?" అన్నాడు.

"యాడికెల్లి తెస్త? అదే షర్టు, అదే భుజం కావాలె గద. నిరుడు మీ తొమ్మిదో తరగతి ఫోటో నేనే తీసిన. అండ్ల నీ భుజం మీద చెయ్యి ఉండె. భుజంతో సహా కోసి ఇక్కడ అతికిచ్చిన. ఆగు, చూపిస్త."

నిరుటి ఫోటో తెర మీద వచ్చింది. ఆఖరి వరుసలో దయాకర్ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. వాడి కుడిపక్కన ముఖం లేదు. ముందువాళ్ళ తలల వెనక దాక్కున్న ఒక జుట్టు కొస, పడిపోకుండా దయాకర్ భుజాన్ని పట్టుకున్న ఒక ఎడమచెయ్యి, అంతే. ఆ క్షణం దయాకర్‌కి నిన్నటిలా గుర్తుకొచ్చింది. మీట నొక్కే ముందు నరేందర్ వంగుతూ, "నువ్వు ఆగు, నేను పోత" అని చెవిలో అన్నాడు. అందుకే తను అంత నవ్వాడు.

"అది నరేందర్‌ది అన్నా" అన్నాడు. "వాడు సచ్చిపోయిండు."

చిదంబరం నవ్వు అక్కడే ఆగిపోయింది. మౌస్ మీంచి చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు. "అయ్యో దేవుడా. ఎంత పని చేసిన. పోయినోని చెయ్యి తెచ్చి బతికున్నోని మీద పెట్టిన్నా! తీసేస్త తమ్మీ, ఇప్పుడే తీసేస్త, తప్పయింది" అని గబగబా మళ్ళీ మౌస్ అందుకున్నాడు.

"వద్దన్నా!" దయాకర్ చిదంబరం చెయ్యి పట్టుకుని ఆపాడు. "నీ కాల్మొక్త, తియ్యకు. వాడు ఈసారి ఫోటోల నిలబడ్త అన్నడు. పేరు ఎయ్యనియ్యలే. గీ చెయ్యొక్కటన్న ఉండనియ్యి."

కీర్తన ఇద్దర్నీ చూసింది. తప్పుంటే అన్నం సహించని పిల్ల. హెడ్మాస్టర్ మాట జవదాటని పిల్ల. చాలాసేపు తెర మీది ఆ వంకర వేలునే చూస్తూ కూర్చుంది. చివరికి, "ఒక మనిషికి మూడు చేతులుంటేనే కదా గొడవ?" అంది మెల్లగా. "అంకుల్, ఉమామహేశ్వర్ చెయ్యి ఒకటి కనబడకుండా చేసెయ్యండి. అప్పుడు భుజం మీది చెయ్యి వీడిదే అనుకుంటారు."

"నా చెయ్యా?" ఉమామహేశ్వర్ లేచి నిలబడ్డాడు. "పరీక్షలు పెట్టుకోని నా చెయ్యి తీసేస్తవా?"

"రాసే చెయ్యి తీయరులే. ఎడమది."

ఉమామహేశ్వర్ తన ఎడమచెయ్యి ముందుకు చాపి చూసుకున్నాడు. దయాకర్ ముఖం చూశాడు. ఆ చదువుల పురుగుకి అప్పుడేం తోచిందో ఏమో. "సరే తీయండి. మా అమ్మ అడిగితే మాత్రం మీరే చెప్పుకోవాలె" అని కూలబడ్డాడు. చిదంబరం లెంపలు వేసుకుని, చొక్కా తెలుపు తీసి ఉమామహేశ్వర్ ఎడమచేతి మీద కొద్దికొద్దిగా పూసేశాడు. బతికున్నవాడి చెయ్యి మాయమైంది. పోయినవాడిది మిగిలింది.

మర్నాడు హెడ్మాస్టర్ ఫోటో చూసి, "ఈ చెయ్యి?" అన్నారు.

"నాదే సార్" అన్నాడు ఉమామహేశ్వర్. క్లాస్ ఫస్ట్ పిల్లాడు అబద్ధం ఆడతాడా? రామచంద్రరావు గారు ఆ ముగ్గుర్నీ కళ్ళద్దాల పైనుంచి చూశారు. ఆయనకు తెలిసిందో తెలియలేదో గానీ, కాగితం మీద సంతకం పెట్టేశారు.

వీడ్కోలు సభ నాడు పత్రికలు పంచారు. పిల్లలంతా ఒకరి పుస్తకం మీద ఒకరు సంతకాలు చేసుకుంటుంటే, దయాకర్ తన పుస్తకం సంచిలో పెట్టుకుని చిలకానగర్ వెళ్ళాడు. మల్లవ్వ అప్పుడే పని నుంచి వచ్చి వాకిట్లో చేతులు కడుక్కుంటోంది. ఎంత కడిగినా ఆ చేతులకు కారం వాసన పోదు. వాణ్ణి చూడగానే, "దయా, ఎన్ని దినాలాయె బిడ్డా మొఖం చూపిచ్చక" అని చాప వేసింది.

వాడు పుస్తకం తెరిచి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఏం చెప్పాలో బస్సులో అంతా కూర్చుకుని వచ్చాడు. తీరా "మా క్లాసు ఫోటో" అని మాత్రం అన్నాడు. మల్లవ్వకు చదువు రాదు. ముఖాల మీద వేలు పెట్టుకుని ముందు వరుస నుంచి మొదలుపెట్టింది. సార్లు అయిపోయారు. ఆడపిల్లలు అయిపోయారు. వేలు మెల్లగా ఆఖరి వరుసకు ఎక్కింది. ప్రతి ముఖం దగ్గరా ఒక క్షణం ఆగి, కాదని తెలుసుకుని, పక్కకు జరుగుతోంది. గోడ మీంచి బస్ పాస్ ఫోటో కళ్ళు మూసుకునే ఉంది. లేనివాణ్ణి ఈమె చేత వెతికించడానికి తెచ్చానా దీన్ని, ఎంత పాపం చేశాను అనుకున్నాడు దయాకర్.

వేలు దయాకర్ ముఖం దాకా వచ్చి, కొంచెం కిందికి దిగి, ఆగింది. భుజం మీది చేతి మీద. మల్లవ్వ పుస్తకం దగ్గరికి తీసుకుంది. వంకర చిటికెన వేలును తన వేలి కొసతో ఒకటికి రెండుసార్లు నిమిరింది. ఇది ఎట్లా వచ్చిందని అడగలేదు. ఎవరు పెట్టారని అడగలేదు. ఆమె ముఖంలోకి కొడుకు మీద తల్లికి వచ్చే ఆ పాత కోపం వచ్చింది.

"చూసినవా, ఎట్ల దాక్కున్నడో" అంది. "నిలబడ్తనే అమ్మా, కండ్లు తెరుస్తనే అని నాకు మాటిచ్చిండు. మల్ల వంగిండు." ఫోటోలో ఆ చేతి వెనక, మనిషి లేనిచోట, రెండు వేళ్ళతో మెల్లగా తట్టింది. "ఇగ లెవ్వు కొడుకా. అయిపోయింది. ఫోటో తీసుడు అయిపోయింది, లే."

నరేందర్ పోయిన నాడు రాని ఏడుపు దయాకర్‌కి అప్పుడు వచ్చింది.